కండ్లు తెరిచే పనికి ఏ వీసా?

ఆళ్ళగడ్డ,
ఫిబ్రవరి నెల

ప్రియమైన మనవరాలు వినీతకు,

తాత శేషయ్య రాసేది. నేనూ మీ అవ్వ నరసమ్మా బాగున్నాం. నిన్న నువ్వు ఫోన్‌లో వీసా గురించి ఏందో అరిచినావు. మీ అవ్వకు వినపడింది, పక్కింటోళ్లకు వినపడింది, నాకు మాత్రం వినపడలే. యాభై ఏండ్లు రాయి మీద సుత్తి కొట్టినోని చెవులు ఇవి. ఇంక ఫోన్ వద్దు. నంద్యాల నుంచి ఉత్తరం ఎన్ని రోజులకైనా రానీ, రాయి. నేను బడికి పోయింది తక్కువే గానీ, గుడి ఫలకాల మీద దాతల పేర్లు చెక్కీ చెక్కీ అక్షరాలు వచ్చినాయి. నువ్వు రాసింది నిదానంగా చదువుకుంటా.

సంగతి మళ్లీ చెప్తాండా, సరిగ్గా విను. పోర్చుగల్ దేశంలో అంగడి పెట్టుకున్న జయంతిభాయి అనే గుజరాతీ ఆయన అహోబిలం వచ్చినప్పుడు మన షెడ్డు చూసి, ఆడ కట్టే గుడికి యోగ నరసింహుని చెక్కమన్నాడు గదా. చెక్కినా. పెట్టెలో పెట్టి ఓడ ఎక్కించినా. స్వామి ఆడికి చేరినాడు. వైశాఖంలో నరసింహ జయంతికి ప్రతిష్ఠ. కండ్లు మాత్రం తెరవలే. ఉలితో కనుపాపలు గీసి అవి నేను పోయి తెరవాల. అంతే పని. ఒక పొద్దు కూడా పట్టదు.

దీనికి ఆ ఫారంలో 'టూరిస్ట్' అని రాసినావని మీ అవ్వ చెప్పె, యాల రాసినావు? తోడు వస్తానన్నావు, సంతోషం. కానీ ఆ మాటకు అర్థం ఏందో ముందు చెప్పు.

నీ జవాబు కోసం చూస్తా ఉండే
తాత

*

నంద్యాల,
ఫిబ్రవరి నెలాఖరు

ప్రియమైన తాతకు,

నీ ఉత్తరం చదివితే శిలాఫలకం చదివినట్టే ఉంది. ఒక్కో అక్షరం బొటనవేలంత!

టూరిస్ట్ అంటే చూడడానికి వెళ్లే మనిషి. పోర్చుగల్‌కీ, దాని చుట్టుపక్కల చాలా దేశాలకీ కలిపి ఒకటే వీసా ఇస్తారు. దాని మీద ఏ నూట ఎనభై రోజుల్లోనైనా తొంభై రోజులకు మించి ఉండకూడదు. ఉన్నన్నాళ్లూ తిరగొచ్చు, తినొచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు. ఉద్యోగం, కూలీ, వ్యాపారం ఏవీ చేయకూడదు. తిరిగి వచ్చేస్తామని నమ్మకం కలిగేలా టికెట్టు, బ్యాంకు కాగితాలు, ఇన్సూరెన్స్ చూపించాలి. అవన్నీ నేను సిద్ధం చేస్తున్నా.

నా సంగతి ఇంకో చిక్కు. నేను నంద్యాలలో గదిలో కూర్చుని బెంగళూరు కంపెనీకి పని చేస్తున్నా కదా. అదే లాప్‌టాప్ అక్కడ తెరిస్తే అది కూడా పనే అట! టూరిస్ట్ వీసా మీద కుదరదట. కంపెనీ సెలవు ఇవ్వదు. అందుకని లాప్‌టాప్ సంచి అడుగున పెట్టుకొచ్చి, నువ్వు నిద్రపోయాక గదిలో నా పని చేసుకుంటా. ఎవరికి తెలుస్తుంది?

హైదరాబాద్ వీసా సెంటర్‌లో నీ స్లాట్ ముందు వచ్చింది, నాది తరువాత. సురేష్ మామను తోడు తీసుకెళ్లు. లోపలికి నిన్నొక్కడినే పంపుతారు. ఎవరైనా అడిగితే 'చూడడానికి పోతున్నా' అను. అంతకుమించి ఒక్క మాట వద్దు. దండం పెడతా తాతా, ఒక్క మాట కూడా!

ఒకటి అడుగుతా, కోప్పడొద్దు. ఆ కళ్లేవో మన షెడ్డులోనే తెరిచి పంపి ఉంటే ఈ గోలంతా ఉండేది కాదు కదా?

ప్రేమతో,
నీ వినీత

*

ఆళ్ళగడ్డ,
మార్చి నెల

ప్రియమైన వినీతకు,

హైదరాబాద్ పోయి వచ్చినాం. నడుము పట్టేసింది. మీ అవ్వ నూనె రాస్తా తిడతాంది.

ముందు నీ ప్రశ్నకు జవాబు. కండ్లు తెరిచి పంపాలనా? స్వామిని పెట్టెలో, చీకట్లో, చెక్కపలకల మొహం చూసుకుంటా నెలల తరబడి సముద్రం మీద పొమ్మంటావా? ఆయన యాడ కూర్చుంటాడో ఆడనే తెరవాల. మా నాయన అట్లే చేసె, వాళ్ల నాయన అట్లే చేసె. ఇంకో శిల్పి చేత పెట్టించొచ్చు గదా అని అడుగుతావేమో. ఒకరు చెక్కిన మొహంలో ఇంకొకరు కండ్లు పెడితే ఆ చూపు ఎవురిది?

ఇప్పుడు ఆఫీసు సంగతి. వాకిట్లోనే నా ఉలుల మూట పట్టుకున్నారు. అది లోపలికి రాకూడదంట. గొడవ పడినా, సురేష్ చేతికి ఇచ్చి పోయినా. కౌంటర్‌లో ఉండే పాప మనవైపుదే, ప్రొద్దుటూరంట. నాకు వినపడదని కాగితం మీద రాసి చూపించింది. 'టూరిస్ట్ గదా తాతా, చూడడానికే పోతాండావా?'

నువ్వు చెప్పినట్టు తలకాయ ఊపి వచ్చింటే సరిపోయేది. ఊపబుద్ధి కాలే. పక్క కౌంటర్‌లో ఒకడు ఆఫీసు లోపల గూడా నల్లద్దాలు పెట్టుకొని నిలబడినాడు, వాడూ చూడడానికే. వానికీ నాకూ ఒకటే మాటనా?

"ఏందిమ్మా, చూడడానికా? పనీపాటా లేకుండా దేశాలు తిరిగేటోని మాదిరి కనపడతాండానా నీకు? మా ఇంట్లో పని లేకుండా ఊరు దాటినోడు ఒక్కడు లేడు. పని మీద పోతాండా. రాతి పని!" అన్నా.

నా గొంతు ఎంత గట్టిగా ఉంటుందో నాకు తెల్దు గదా. హాలంతా ఇటు తిరిగి చూసింది.

ఆ పాప గబగబా రాసె. 'మెల్లగా తాతా. ఈ వీసాకు ఆ మాట అనకూడదు.'

"అనకుండా ఎట్లమ్మా? అబద్ధం చెప్పి దేవుని కాడికి పోతే, కండ్లు తెరిచి ఆయన ముందు చూసేది ఎవురిని? దొంగనా?" అన్నా.

ఒక తెల్ల కాగితం అడిగి, 'నేను శేషయ్య, శిల్పిని, ఉలి పని చేయడానికి మీ దేశం వస్తాండా' అని రాసి, సంతకం పెట్టి, ఫైల్లో పెట్టమన్నా. వద్దు తాతా అని ఆ పాప చేతులు జోడించింది. పెట్టమన్నా. పెట్టింది.

ఇంక నువ్వు లాప్‌టాప్ సంచి అడుగున దాచేది మానుకో. మన ఇంట్లో ఆ అలవాటు లేదు. అయినా నాకు ఒకటి అర్థం కాదు. నువ్వు మంచం మీద కూర్చొని వేళ్లు ఆడిస్తే వాళ్లకు పని. ఆ పని ఎవురి కంటికీ కనపడదు, దుమ్ము లేయదు, చప్పుడు రాదు. దానికీ అడ్డమేనా? వాళ్ల దేశంలో ఊపిరి పీల్చడానికి ఏ వీసా?

ఒళ్లు మండతాండే
తాత శేషయ్య

*

నంద్యాల,
ఏప్రిల్ నెల

ప్రియమైన తాతకు,

'ప్రియమైన' అని రాయడానికి ఇవాళ చాలా కష్టపడ్డా.

నీ వీసా తిరస్కరించారు. పాస్‌పోర్ట్‌తో పాటు ఒక కాగితం వచ్చింది. నువ్వు చెప్పిన ఉద్దేశం, అడిగిన వీసాతో సరిపోలేదని దాని సారాంశం. ఎట్లా సరిపోతుంది? నేను మూడు రాత్రులు కూర్చుని టూరిస్ట్ అని ఫైలు తయారు చేస్తే, నువ్వు దాని మధ్యలో 'ఉలి పని చేయడానికి వస్తాండా' అని బొటనవేలంత అక్షరాలతో కాగితం పెట్టి వచ్చావు!

తప్పు ఆ ఆఫీసు వాళ్లది కాదు తాతా. నీ కాగితం చూసి ఎవరైనా అదే చేస్తారు. తలకాయ ఊపమన్నా. పాట పాడమనలేదు, డాన్స్ చేయమనలేదు. ఊపమన్నా, అంతే!

నా స్లాట్ రద్దు చేసుకున్నా. నువ్వు లేకుండా నేను వెళ్లి ఏం చేయాలి? పైగా నువ్వు తిట్టాక రూల్స్ మళ్లీ చదివా. నాలాగా వేరే దేశం కంపెనీకి దూరం నుంచి పని చేసేవాళ్లకు పోర్చుగల్ వాళ్లు ప్రత్యేకంగా ఒక వీసా పెట్టారు. దానికి కంపెనీ ఒప్పుకున్నట్టు కాగితం కావాలి, వాళ్ల కనీస జీతానికి నాలుగు రెట్లు నా జీతం ఉండాలి. నాకంత లేదు. మా మేనేజర్‌ని అడిగితే, 'నువ్వు నంద్యాలలో ఉండడమే ఎక్కువ' అని నవ్వాడు.

ఇప్పుడేం చేద్దాం? నరసింహ జయంతి దగ్గర పడింది. జయంతిభాయి రోజూ మెసేజ్ పెడుతున్నాడు, 'శిల్పీజీ ఎప్పుడు వస్తారు' అని. ఏం చెప్పను? నిజం చెప్పాడు, ఆగిపోయాడు అని చెప్పనా?

విసిగిపోయిన
నీ వినీత

*

ఆళ్ళగడ్డ,
ఏప్రిల్ నెల

ప్రియమైన వినీతకు,

తిట్టినావు, నోరు మూసుకొని తిట్లు తిన్నా. మీ అవ్వ నీ ఉత్తరం నా చేత రెండు మాట్లు చదివించుకొని ఒకటే నవ్వు. "నీకు మనవరాలే సరైన మొగుడు" అంటాంది.

అయినా ఆ కాగితం రాసినందుకు నేను బాధపడను. రాయికి వీసా అక్కర్లేకపాయె, పెట్టె కట్టి ఓడ ఎక్కిస్తే పోయింది. దాన్ని చెక్కినోడు మాత్రం పోకూడదంట. ఇదేం లెక్కనో నాకు చెప్పే మొనగాడు యాడన్నా ఉంటే పిలుచుకొని రా.

ఇంకొకటి. వాళ్లు నన్ను కూలికి వచ్చేటోడు అనుకుంటాండారు గదా. అది నాకు అన్నిటికంటే ఎక్కువ రోషంగా ఉంది. స్వామి ఒళ్లు చెక్కినందుకు దుడ్లు తీసుకున్నా, అది ఈడనే, ఆళ్ళగడ్డలోనే ముగిసింది. కండ్లకు ఎవురన్నా దుడ్లు తీసుకుంటారా? కండ్లకు వెల కట్టినోడు శిల్పి కాదు. ఒక కొత్త పంచె పెడతారు, అది కట్టుకొని తెరుస్తాం, దండం పెట్టి వస్తాం. తరతరాలుగా ఇంతే. ఇది తెలియకుండా నువ్వు ఈ ఇంట్లో ఎట్ల పుట్టినావో.

నీకొక్కదానికే ఒక మాట చెప్తా. జయంతిభాయి స్వామి తరువాత నేను కొత్త బేరం ఒక్కటి ఒప్పుకోలే. అడిగినోళ్లకు ఎండలు తగ్గనీ అంటాండా. పొద్దున పూట కుడి చెయ్యి వణుకుతాంది. కాఫీ లోటా పట్టుకుంటే మీ అవ్వ చూస్తాదని ఎడమ చేత్తో తాగుతాండా. మూపులు, చేతులు, నడుము ఎవురైనా చెక్కుతారు. కండ్లకు మాత్రం చెయ్యి నిలవాల. వచ్చే ఏటికి నిలుస్తాదో లేదో తెల్దు. కండ్లు లేని స్వామిని ఆడ పెట్టి నేను ఈడ పోతే, ఆ పాపం ఏ ఆఫీసు మోస్తాది?

అందుకే అడుగుతాండా. ఇంకేమన్నా దారి ఉంటే చూడు.

తాత

*

నంద్యాల,
ఏప్రిల్ నెలాఖరు

ప్రియమైన, మొండి, నోటి తీట ఉన్న తాతకు,

డబ్బు తీసుకోవని ముందే ఎందుకు చెప్పలేదు? 'రాతి పని, ఉలి పని' అని అంత గట్టిగా అరిచినవాడివి, 'ఊరికే చేస్తా, ఇది పూజలో భాగం' అని ఒక్క ముక్క రాయొచ్చు కదా! నాకేం తెలుసు? మీ శిల్పుల ఇళ్లలో ఎవరికీ ఏదీ చెప్పరు. అందరికీ తెలుసు అనుకుంటారు.

విను. ఫారంలో టూరిస్ట్ గడి పక్కనే వేరే గడులు ఉన్నాయి. చుట్టాలను చూడడానికి, వ్యాపారం, చదువు, సాంస్కృతిక కార్యక్రమం, అట్లా. నేనే ఆలోచించకుండా టూరిస్ట్ అని కొట్టేశా. అది నా పొరపాటు, ఒప్పుకుంటున్నా. జయంతిభాయితో మాట్లాడా. గుడి కమిటీ పేరు మీద ఆహ్వానం పంపాడు. 'శిల్పి శేషయ్య గారు ప్రతిష్ఠ రోజు సంప్రదాయం ప్రకారం విగ్రహానికి కళ్లు తెరిచే క్రతువు చేస్తారు. దీనికి జీతం గానీ ప్రతిఫలం గానీ లేదు. వసతి, భోజనం మావి' అని స్పష్టంగా రాశాడు. మొదటిసారి ఎందుకు తిరస్కరించారో, ఇప్పుడు ఏం మారిందో నేను విడిగా ఒక ఉత్తరం రాసి జత చేశా. అందులో ఒక్క అబద్ధం లేదు, నీ మీద ఒట్టు.

ఇస్తారని నేను చెప్పలేను. అడగడానికి మాత్రం ఇదే సరైన దారి.

నేను రావడం లేదు. సెలవు దొరకలేదు, లాప్‌టాప్ దాచడం నువ్వు ఒప్పుకోవు. నువ్వొక్కడివే వెళ్లాలి. ఇప్పుడే భయపడు, తరువాత సమయం ఉండదు.

కౌంటర్‌లో ఏం అడిగినా ఆ ఆహ్వానం చూపించు. కొత్తగా ఏ కాగితమూ రాయకు. పెన్ను ఇంట్లో పెట్టి వెళ్లు.

నీ వినీత

*

ఆళ్ళగడ్డ,
మే నెల

ప్రియమైన వినీతకు,

పెన్ను ఇంట్లో పెట్టే పోయినా. సంతకానికి ఆ ప్రొద్దుటూరు పాపే పెన్ను ఇచ్చి, సంతకం అయ్యీ కాకముందే లాక్కునింది. నీ కాగితాలన్నీ చదివి, "ఇట్ల ముందే చెప్పొచ్చు గదా తాతా" అని రాసె. మా మనవరాలు కూడా ఇదే మాట అనె అన్నా.

అది అయి చాలా రోజులాయె. రోజూ సురేష్‌ను అడుగుతాండా. "వస్తే చెప్పనా నాయనా, దాచుకుంటానా?" అని విసుక్కుంటాండాడు. వానికేం, వాని చెయ్యి వణకదు.

నిన్న నరసింహ జయంతి. అహోబిలంలో జనం నేల ఈనినట్టు ఉండారంట. నేను పోలే. షెడ్డులో కూర్చున్నా. ఆడ పోర్చుగల్‌లో ముహూర్తం వచ్చిందీ, పోయిందీ. జయంతిభాయి సురేష్ ఫోన్‌కు రాసినాడంట. ఆడి గుడి పూజారి అయ్యవారు ఇంక ఆగలేమన్నాడంట, పాలరాయి పని తెలిసిన మనిషి ఎవురో దొరికినాడు, ఆయన చేత కండ్లు పెట్టించేదా అని అడిగినాడంట.

నాకు రక్తం తలకెక్కింది. సురేష్ చేత జవాబు రాయించినా. "ముట్టుకుంటే ఊరుకునేది లేదు. నరసింహ జయంతి పోతే పోనీ. స్వామిది స్వాతి నక్షత్రం. అది నెలనెలా వస్తాది. అహోబిలంలో ప్రతి స్వాతికీ హోమం చేస్తారు, మీ అయ్యవారిని అడిగి తెలుసుకోమను. వచ్చే స్వాతికి నేను రాకపోతే అప్పుడు మీ ఇష్టం."

అంటే అనేసినా. ఆ స్వాతికి కూడా వీసా రాకపోతే నా మాట నేనే తినాల. మీ అవ్వ అన్నం తినమంటే తింటాండా గానీ ఏం తింటాండానో తెల్దు. తొంభై రోజులంట, నూట ఎనభై రోజులంట! నాకు కావాల్సింది ఒక పొద్దు. ఆ ఒక్క పొద్దు ఇవ్వడానికి వాళ్లకు ఇంత ఆలోచనా?

నీకు తెలిస్తే తొందరగా రాయి.

తాత

*

నంద్యాల,
జూన్ నెల

ప్రియమైన తాతకు,

వచ్చింది! వీసా వచ్చింది!

ఫోన్ చేసి అరిచా, నీకు వినపడలేదు, అవ్వ ఏడుపు మాత్రం నాకు వినపడింది. ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా నంద్యాల వచ్చిన సురేష్ మామ చేతికే ఇస్తున్నా.

ప్రతిష్ఠ స్వాతికి మారిందని గుడి కమిటీ పంపిన ఉత్తరం చూసి, ఆ రోజులకు పైన కొద్ది రోజులు కలిపి ఇచ్చారు. స్వాతికి అందుకుంటావు. అయితే టికెట్టు ముందుకూ వెనక్కూ జరపడానికి లేదు. కళ్లు తెరిచాక కూడా కొన్ని రోజులు అక్కడ ఉండక తప్పదు. ఆ రోజుల్లో ఉలి ముట్టుకోకు. ఆహ్వానంలో ఉన్నది క్రతువు ఒక్కటే. ఎవరైనా 'మా తులసికోట కూడా చెక్కిపెట్టు శిల్పీజీ' అంటే చేతులు జేబులో పెట్టుకో.

ఉలులు పెద్ద సంచిలో వేయి, చేతి సంచిలో వేస్తే మళ్లీ గొడవ. ఇంకో కాగితం ఇంగ్లీషులో రాసి ఇస్తున్నా. అక్కడ దిగాక అధికారి ఏం అడిగినా అదే చూపించు. 'నాకు వినపడదు. రాతి దేవుడికి కళ్లు తెరిచే క్రతువుకు వచ్చాను. దీనికి డబ్బు తీసుకోను. తిరిగి వెళ్లిపోతాను' అని ఉంది అందులో.

చెయ్యి జాగ్రత్త.

నీతో రాలేకపోయిన
వినీత

*

పోర్చుగల్,
జూన్ నెల

ప్రియమైన మనవరాలు వినీతకు,

తాత క్షేమంగా చేరినాడు. జయంతిభాయి ఇంట్లో ఉండా. పప్పులో చక్కెర వేస్తారు వీళ్లు. అది తప్ప ఏ కష్టమూ లేదు.

విమానం దిగినాక గాజు గదిలో ఒకాయన కూర్చున్నాడు. నీ కాగితం ఇచ్చినా. చదివి, పక్కాయనను పిలిచి చూపించినాడు. ఇద్దరూ నన్ను కిందికీ పైకీ చూసినారు. ఏందో అడిగినారు. నేను కండ్లు మూసుకొని, ఉలి పట్టినట్టు చెయ్యి కంటి కాడ పెట్టి, టకటకా కొట్టినట్టు చూపించి, కండ్లు తెరిచినా. వాళ్లలో పెద్దాయన నవ్వలే. తల వంచి ముద్ర కొట్టినాడు. మర్యాద తెలిసినోడు.

స్వాతి నాడు తెల్లవారి స్నానం చేసి, జయంతిభాయి ఇచ్చిన కొత్త పంచె కట్టుకున్నా. తెర వేసినారు. లోపల నేనూ స్వామీ, అంతే. ఎన్నో నెలల తరువాత చూస్తాండా. పెట్టెలో ఎక్కడా దెబ్బ తగల్లే.

అబద్ధం యాల, కుడి కంటికి చెయ్యి వణికింది. ఉలి దించేసి కూర్చున్నా. బయట మంత్రాలు చదువుతాండారేమో నాకు వినపడదు గదా, ఎవురూ తొందర పెట్టలేకపోయిరి. చెవులు పోయినందుకు ఆ ఒక్కపూట సంతోషపడినా. శ్వాస నిలిచినాక ఎడమ చెయ్యి మణికట్టు కింద ఆనించి మళ్లీ మొదలుపెట్టినా. రెండు కండ్లూ తెరిచినా. ఒక్క పెచ్చు ఎక్కువ లేయలే.

తెరిచిన కండ్ల తొలిచూపు మనిషి మీద పడకూడదు గదా, అద్దం మీద పడాల. అద్దం పట్టుకొని పక్కకు జరిగినా. వంచినప్పుడు అద్దంలో ఒక్క క్షణం స్వామి నా తట్టు చూసె. అంతే. అద్దం జయంతిభాయి కొడుకు చేతికి ఇచ్చి బయటికి వచ్చినా. దాని తరువాత ఆయన నా రాయి కాదు. అందరి వెనకాల వరుసలో నిలబడినా. నా వంతు వచ్చినప్పుడు దండం పెట్టుకొని, తీర్థం తాగి వచ్చేసినా. ముక్కు సరిగ్గా వచ్చిందా, పెదవి సరిగ్గా వచ్చిందా అని చూడలే. చూడకూడదు.

ఇంత రచ్చ ఆ అద్దంలో చూపుకేనా తాతా అని నువ్వు అడుగుతావు. అవును, దానికే.

జయంతిభాయి కవరు ఒకటి ఇయ్యబోయినాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నా. పంచె చాలు అన్నా.

నీ వీసా గురించి ఒక మాట. ఈడ సముద్రం గట్టు మీద కాఫీ అంగడి ఉంది. నీ ఈడు పిల్లలు లాప్‌టాప్‌లు ముందేసుకొని వరుసగా కూర్చొని ఉంటారు. సముద్రం పక్క ఒక్కరూ తల తిప్పరు. అంత దానికి ఇంత దూరం రావాల్నా? నీ జీతం పెరిగినప్పుడు సరైన వీసా పెట్టుకొనే రా. వచ్చినాక అది మూసి, సముద్రం చూడు.

నాకింకా ఈడ రోజులు మిగిలినాయి. చేతికి పని లేదు. మొదటి రోజు ఒళ్లంతా చీమలు పాకినట్టు ఉండె. రెండో రోజు జయంతిభాయి నన్ను ఆ గట్టు మీద కూర్చోబెట్టి అంగడికి పోయినాడు. పొద్దు గుంకేదాకా కూర్చున్నా. నీళ్లు వస్తాయి, పోతాయి. ఏ పనీ లేకుండా అంత సేపు కూర్చున్నది నేను పుట్టినాక అదే. మూడో రోజు ఎవురూ చెప్పకుండానే పోయి కూర్చున్నా. పక్కన ఈ దేశం ముసలాయన ఒకాయన గాలం వేసుకొని ఉండాడు. నా తట్టు తిరిగి ఏందో అడిగె. ఈడ ఏం చేస్తాండావు అని అడుగుతాండాడని మొహం చూస్తే తెలిసింది. రెండు చేతులూ ఖాళీగా చాపి చూపించి, "టూరిస్ట్" అన్నా.

ఆయన జరిగి చోటిచ్చినాడు. రేపు కూడా పోతా. మీ అవ్వకు మాత్రం చెప్పొద్దు.

నీ తాత
శేషయ్య